పెద్ద గంటకు కట్టిన తోలు

హ్యూబర్ట్ స్నూక్ చేతిలో కాగితం పొట్లంతో వచ్చాడంటే అందులో కాలేయం ఉంటుంది, దాని వెనక ఏదో ఒక పని ఉంటుంది. మా లార్కూంబ్‌లో ఈ సంగతి తెలియని ఆడమనిషి లేదు. మాంసం కొట్టు పెట్టిన నాటి నుంచీ ఊరికే ఒక ఎముక ముక్క కూడా ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు మహానుభావుడు. అందుకే ఆ జనవరి పొద్దున అతను మంచులోంచి తేలుతూ వచ్చి తలుపు తట్టినప్పుడు డోర్కస్ మేడ్‌మెంట్ పొట్లాన్ని చూసి, మనిషిని చూసి, గుమ్మంలోంచి పక్కకు జరగలేదు.

"ఏం కావాలయ్యా హ్యూబర్ట్?"

"ఏమీ వద్దు తల్లీ. పంది కాలేయం మిగిలితే నువ్వు గుర్తొచ్చావు. ఉల్లిపాయలేసి వేయించుకో, బాగుంటుంది."

"నీ కొట్లో మిగలడం కూడానా! సర్లే, రా లోపలికి. నీతోపాటు చలంతా ఇంట్లోకొస్తోంది. బూట్లు దులుపు ముందు."

హ్యూబర్ట్ లోపలికొచ్చి పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కిటికీ దగ్గరున్న కుర్చీ ఖాళీగానే ఉంది కానీ అది ఆమె భర్త రూబెన్ కుర్చీ. రూబెన్ పోయి ఇరవై ఏళ్ళు దాటినా దాని మీద పిల్లి తప్ప ఎవరూ కూర్చోరు. టోపీని కాసేపు చేతుల్లో తిప్పి, గొంతు సవరించుకుని, అసలు సంగతికొచ్చాడు.

"శనివారం లండన్‌లో పెద్దాయన్ని, మన యుద్ధకాలం ప్రధానిని, సాగనంపుతున్నారు గదా. దేశమంతా గంటలు కొడుతున్నారట. మనమూ కొట్టాలన్నారు పాదిరిగారు. తోలు కట్టి కొట్టాలి. ఆ తోళ్ళు ఒకసారి తీసి నూనె పెట్టి ఇస్తావేమోనని."

గంటల నాలుకలకు కట్టే ఆ తోలు తొడుగులు డోర్కస్ కుట్టినవే. ఆమె తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. ఆ పనితనం ఆమె వేళ్ళకు వచ్చింది. మా గంటలు తాడు లాగితే చక్రం మీద గిర్రున బోర్లా తిరిగి పైకి లేస్తాయి, ఒక లాగుకు ఇటు, మరో లాగుకు అటు. నాలుకకు ఒక పక్కన తోలు కడితే ఒక దెబ్బ ఖంగుమంటుంది, ఆ తర్వాతి దెబ్బ గోడ అవతల ఎవరో నిట్టూర్చినట్టు వస్తుంది. చచ్చిపోయినవాళ్ళ కోసం కొట్టే పద్ధతి అది. గంటలు కొట్టే మనిషి పోతే తోటివాళ్ళు తప్పకుండా అలా కొట్టి సాగనంపుతారు. అలా కొట్టకుండా మట్టి చేస్తే ఆ మనిషి ఇంకా చర్చి గోపురం మెట్ల మీదే కూర్చుని ఉంటాడని మా ముసలివాళ్ళ నమ్మకం.

"ఇవ్వను," అంది డోర్కస్.

"ఆఁ?"

"చెవుడా? ఇవ్వనంటున్నా. రూబెన్‌కి కట్టని తోలు ఆయనకెందుకు కట్టాలి?"

హ్యూబర్ట్ ముఖం కందగడ్డలా అయింది. "అప్పుడు యుద్ధం గదే. కొడితే జైల్లో వేసేవాళ్ళు. నీకు తెలీదా?"

"తెలుసు. యుద్ధం అయిపోయాక?"

  "ఆలోచించుకో తల్లీ," అని గొణిగి, టోపీ పెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. పొట్లం మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

డోర్కస్ మెట్ల కింది పెట్టె తెరిచి తోళ్ళు ఒళ్ళో వేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఇవ్వకపోతే ఇవ్వకపోయింది, నూనె పెడితే తప్పేముంది? వాటి మీద ఆమెకు కోపం లేదు. నూనె గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడుస్తుంటే పాత తోలు వాసన మెల్లగా లేచింది. బయట మంచు కిటికీకి ఆనుకుని నిలబడింది. వీధీ లేదు, గోపురమూ లేదు, అసలీ ఏడాదే లేదు. అలాంటి పూట మనిషికి వయసు జారిపోతుంది. డోర్కస్‌కి తెలియకుండానే ఆమెకు పంతొమ్మిదేళ్ళు వచ్చేశాయి.

మొదటి యుద్ధం అయ్యి రూబెన్ ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన కొత్త అది. మనిషి సున్నం కొట్టినట్టుండేవాడు. గాలి వీస్తే కళ్ళ వెంట నీళ్ళు. పది అడుగులు వేస్తే రొమ్ములో పిల్లికూతలు. పొలం పనికి పనికిరాడని అందరూ చేతులెత్తేస్తే డోర్కస్ తండ్రి తన కొట్లో కూర్చోబెట్టుకుని కుట్టు నేర్పాడు. అప్పుడే ఒక సాయంత్రం, మైనం దారం లాగుతూ, అక్కడ పీల్చిన విషవాయువు గురించి రూబెన్ ఆమెకు చెప్పాడు. పెళ్ళికి ముందు ఒకేసారి చెప్పాడు, మళ్ళీ చెప్పలేదు.

"ఆవపిండీ వెల్లుల్లీ కలిపి దంచితే ఎలా ఉంటుంది? అదే వాసన. ఎవడో వంట చేస్తున్నాడ్రా అని నవ్వుకున్నాం. ఒకడైతే నాకూ ఒక ముద్ద పెట్టమన్నాడు. తెల్లారేసరికి ఎవరికీ కళ్ళు విడలేదు. ఒకడి భుజం ఒకడు పట్టుకుని వరసగా నడిచాం. ముందువాడికీ కళ్ళు లేవు, నాకూ లేవు."

ఊపిరి లేని ఆ మనిషి గోపురంలో పెద్ద గంట కొడతానని ముందుకొస్తే జనం నవ్వారు. "నీ ఊపిరితో పొయ్యి కూడా ఊదలేవు గదరా," అన్నాడు హ్యూబర్ట్, అప్పటికి కుర్ర కసాయివాడు. కానీ గంటను లాగేది ఊపిరి కాదు. అది ఎప్పుడు తిరగబోతుందో ముందే తెలుసుకుని అప్పుడు మాత్రమే చెయ్యి కలపాలి. రూబెన్‌కి అది తెలిసింది. అంత బరువున్న గంట అతని చేతుల్లో ఉయ్యాలలా ఊగేది. తాడు పట్టుకున్నంత సేపూ రొమ్ములో పిల్లికూతలు ఆగిపోయేవి. డోర్కస్ తాళ్ళ గది కిటికీ కింది బల్ల మీద కూర్చుని అదొక్కటే చూసేది. అలా చూస్తూ చూస్తూనే పెళ్ళి చేసుకుంది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. కొట్టుంది, గంటుంది, చలికాలం దగ్గుంది. ఊళ్ళో ఎవరు పోయినా డోర్కస్ తోళ్ళు తీసేది, రూబెన్ మెట్లెక్కేవాడు. అలా ఎంతమందిని సాగనంపారో ఇద్దరికీ లెక్క లేదు.

రెండో యుద్ధం వచ్చింది. గంటలు కొట్టకూడదని ఆజ్ఞ వేశారు. శత్రువు ఆకాశంలోంచి దిగితేనే కొట్టాలట, అదీ పోలీసు చెబితేనే. తాళ్ళు చుట్టి పైకి కట్టేశారు. ఆదివారం నోరు పోయిన ఊరు ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. రూబెన్ మాత్రం ఆదివారం ఆదివారం గోపురమెక్కి, ఇరుసులకు కొవ్వు పెట్టి, దుమ్ము దులిపి, పెద్ద గంట తాడు విప్పి చేతుల్లో పట్టుకుని కూర్చునేవాడు. లాగేవాడు కాదు. అలా పట్టుకునే ఉండేవాడు.

ఆ రోజుల్లో రేడియోలో పెద్దాయన గొంతు వినబడేది. నాగలి అనే మా ఊరి పబ్బులో ఊరంతా చేరేది. ఆ గొంతు మొదలుకాగానే రూబెన్ లేచి నిలబడేవాడు, టోపీ చేత్తో పట్టుకుని. "ఆయన మాట్లాడుతుంటే నాకు ఊపిరాడుతోందే డోర్కస్," అన్నాడొక రోజు ఇంటికొస్తూ. ఆమె కూడా అదే అనుకుంటోంది. దీపాలన్నీ ఆర్పేసిన ఆ ఊళ్ళో, విమానాల రొద కింద పడుకుని, ఆ మాటలే తలుచుకుని నిద్రపోయిన రోజులున్నాయి. ఆయన లేకపోతే మేం ఉండేవాళ్ళం కాదు. ఇందులో వాదించడానికేమీ లేదు, వాదించేవాడెవడైనా ఉంటే ఆ రోజుల్లో లేనివాడై ఉండాలి.

డోర్కస్‌ని గుట్ట మీద సైన్యం వేసిన ముళ్ళకంచె లోపల లాండ్రీ పనికి వేశారు. లోపల ఏం జరుగుతుందో బయట చెప్పనని సంతకం పెట్టింది. ఏం జరుగుతుందో ఆమెకూ తెలియదు. పురుషుల అంగీలు వచ్చేవి, ఉతికేది, అంతే. వాటికేదో వాసన ఉండేది. చేతులు దురదపెట్టేవి. సబ్బు పడలేదేమో అనుకుంది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చి పొయ్యి ముందు తలగుడ్డ విప్పింది. రూబెన్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఏంటే ఆ వాసన?"

"ఏ వాసన?"

"నీ జుట్టులో."

డోర్కస్‌కి ఒక్క క్షణంలో అర్థమైంది.  నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. "అక్కడ వంటింట్లో హ్యామ్‌కి ఆవపిండి కలిపాం. అదయ్యుంటుంది."

"హ్యామా?" అన్నాడు రూబెన్. "మనిషికి వారానికో చిన్న ముక్క దొరకడమే గగనం. హ్యామ్ ఎక్కడిదే?"

 అతను రెట్టించలేదు. కిటికీ తెరిచి, చాలాసేపు గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత మే నెలలో, దారి పక్క పొదల కంచెలన్నీ తెల్లటి పూలతో విరగబూసి ఉన్నప్పుడు, పెద్దాయన రేడియోలో ఆ మాట అన్నాడు. జర్మన్లు రష్యావాళ్ళ మీద విషవాయువు వదిలితే మన విమానాలు కూడా జర్మనీ మీదికి దాన్నే మోసుకెళ్తాయని. పబ్బంతా చప్పట్లతో దద్దరిల్లింది.

"అదీ మాటంటే!" అని హ్యూబర్ట్ బల్ల గుద్దాడు. గ్లాసులెగిరాయి. "దెబ్బకు దెబ్బ! పీల్చమనండి వెధవల్ని!"

రూబెన్ అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. మెల్లగా కూర్చున్నాడు. పెద్దాయన గొంతు వినబడుతుండగా అతను కూర్చోవడం అదే మొదటిసారి.

"హ్యూబర్ట్, నీకా వాసన తెలుసా?"

"ఏ వాసనరా? ఆయన బెదిరిస్తున్నాడు, అంతే. ఇలా బెదిరిస్తేనే వాళ్ళు భయపడి వదలరు. మన ప్రాణాలు కాపాడ్డానికే గదా."

"కావచ్చు. నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ నేనది పీల్చా. ఎవడి ముక్కులోకి వెళ్ళినా అది అదే పని చేస్తుంది. మాతో పాటు పట్టుబడ్డ జర్మన్ కుర్రాడొకడు నా పక్క మంచంలోనే పోయాడు. వాడూ అమ్మనే పిలిచాడు."

 రేడియోలో గొంతు సాగుతూనే ఉంది. హ్యూబర్ట్ నవ్వబోయి మానుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో ఇద్దరూ పూల కంచె పక్కన నడిచారు. ఎంత మంచి సాయంత్రం! కోకిల కూస్తోంది. ఆ పూలు చూస్తే ఎవరూ చావరనిపించేంత తెలుపు. మలుపు దగ్గర రూబెన్ ఆగి, రొమ్ము పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఆయనంటే నాకింకా ఇష్టమే డోర్కస్. అదే నా బాధ. ఎవడో దుర్మార్గుడు అనుంటే తిట్టుకుని పడుకునేవాణ్ణి."

"నేను రేపట్నించి ఆ పనికి పోను."

"పోకపోతే ఊరుకుంటారా? ఇంకో ఊరు తోలుతారు. ఇక్కడే ఉండు."

ఆ రోజు నుంచి డోర్కస్ పని దిగగానే పెరట్లోనే, చలైనా వానైనా, జుట్టుకి వెనిగర్ పోసి కడుక్కుని, అది ఆరాకే ఇంట్లో అడుగుపెట్టేది. అతను కిటికీలోంచి చూసేవాడు. 

ఆకులు రాలే కాలానికి రూబెన్ మంచం పట్టాడు. ఊపిరి కోసం దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, కిటికీలోంచి గోపురం కనపడేలా పడుకునేవాడు. హ్యూబర్ట్ రోజూ వచ్చేవాడు, ఆ మాట చెప్పుకోవాలి. ఒక మధ్యాహ్నం ఇద్దరూ మంచం పక్కనుండగా రూబెన్ అడిగాడు. "నాకు తోలు కట్టి కొట్టించండి. ఇప్పుడు కుదరదు, తెలుసు. కుదిరినప్పుడు. నేనెంతమందికి కొట్టానో! నాకూ ఒక్కసారి."

"కొట్టిస్తా," అంది డోర్కస్. "ఒట్టు."

హ్యూబర్ట్ తలూపాడు.

రూబెన్‌ని కాకుల అరుపుల మధ్య పూడ్చిపెట్టారు. గంటలు మూగగా వేలాడాయి. కొద్ది వారాలకే ఎక్కడో ఎడారిలో మనవాళ్ళు గెలిచారని, ఆ ఒక్క ఆదివారం దేశమంతా గంటలు కొట్టమని పెద్దాయన కబురు వచ్చింది. జనం వీధుల్లోకొచ్చి ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు, నవ్వారు. డోర్కస్ కొత్త సమాధి పక్కన నిలబడి, చెవులు మూసుకోకుండా, అన్ని గంటలూ విన్నది. పెద్ద గంట హ్యూబర్ట్ కొడుతున్నాడు. కొంచెం తొందరపడుతున్నాడు. కొన్ని వారాలు ఆగలేకపోయావా రూబెన్, అనుకుంది.

యుద్ధం ముగిసింది. డోర్కస్ వెళ్ళి ఒకసారి అడిగింది. హ్యూబర్ట్ "చూద్దాంలే" అన్నాడు. కుర్రాళ్ళు తిరిగి రావాలి, తాళ్ళు మార్చాలి, రూబెన్ ఒక్కడికే కొడితే మిగతా తల్లులు ఏమనుకుంటారు. ఊరి నడుమ రాతి శిలువ మీద రెండు యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు చెక్కారు. రూబెన్ పేరు లేదు. మొదటి యుద్ధంలో చావలేదు, రెండోదానికి వెళ్ళలేదు, మంచం మీద పోయాడు. ఏటా నవంబరులో ఆ రాతి మీది పేర్ల కోసం తోళ్ళు అడిగితే డోర్కస్ మారు మాట్లాడకుండా ఇచ్చేది. ఒకసారి అడిగింది చాలు, రెండోసారి అడగడం ఆమె వల్ల కాదు. ఆ చూద్దాంలే అలాగే ముసలిదైపోయింది, వాళ్ళతోపాటే.

పొయ్యిలో కట్టె విరిగి డోర్కస్ ఉలిక్కిపడింది. ఒళ్ళో తోళ్ళు మెరుస్తున్నాయి. మొన్న ఆదివారం పెద్దాయన పోయాడని రేడియోలో చెప్పినప్పుడు ఆమె చేతిలోని కప్పు కింద పెట్టేసి బావురుమని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నానని తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది. ఆ గొంతు లేకపోతే ఆ చీకట్లో తాను బతికేది కాదు. ఆ గొంతే ఆ మాటా అంది. రెండిట్లో ఏదీ ఆమె వదులుకోలేకపోయింది.

శుక్రవారం పొద్దున్నే తోళ్ళు బుట్టలో పెట్టుకుని మాంసం కొట్టుకి వెళ్ళింది.

"ఇస్తాను. కానీ నేనే పైకెక్కి కడతాను," అంది.

"నువ్వా? ఆ నిచ్చెన? పడి నడుం విరగ్గొట్టుకుంటావు."

"నీ మోకాళ్ళతో నువ్వెక్కుతావా మరి?"

హ్యూబర్ట్ మోకాళ్ళు తడుముకున్నాడు. నిజానికి బతికిపోయాననుకున్నాడు.

"ఇంకోటి," అంది డోర్కస్.  రెండోసారి అడగడం ఆమెకు ఇదే. "రేపు ఆయనకి కొట్టడం అయ్యాక, తోళ్ళు విప్పకముందే, రూబెన్‌కి కూడా కొట్టు. కాసేపు చాలు."

హ్యూబర్ట్ కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "రేపా తల్లీ? ఒకే రోజా? దేశమంతా ఆయన కోసం నిలబడి ఉంటే, మనం జీనులు కుట్టే రూబెన్‌కి కూడానా? జనం ఏమంటారు? పాదిరిగారేమంటారు? ఈస్టర్ వెళ్ళనీ. చూద్దాంలే."

డోర్కస్ బుట్ట ఎత్తుకుంది. "సరే హ్యూబర్ట్," అంది. అంత మెత్తగా ఆమె అతన్ని పిలిచేసరికి అతనికి భయమేసింది.

గంటల అరలో మంచు కిటికీ చెక్కల సందుల్లోంచి లోపలికి పాకుతోంది. నిచ్చెన మీద ఆమె రెండుచోట్ల ఆగి మళ్ళీ ఎక్కింది. పైన ఆరు గంటలూ నోళ్ళు కిందికి పెట్టి నిద్రపోతున్నాయి. పావురాలు గుసగుసలాడాయి. డోర్కస్ ఒక్కో గంట కింద దూరి, నాలుకకు అలవాటైన పక్కన తోలు పెట్టి, పట్టీలు బిగించి, లాగి చూసుకుంది. ఐదింటికీ అలాగే కట్టింది.

పెద్ద గంట దగ్గరికొచ్చాక దాని చల్లటి ఒంటికి చెంప ఆనించింది. ఇరుసుకు రూబెన్ పెట్టిన కొవ్వు వాసన ఇంకా ఉందనిపించింది. ఉండదు, ఆమెకూ తెలుసు, కానీ ఉంది. కళ్ళు మూసుకుంటే పూల కంచె పక్కన అతను రొమ్ము పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరెవరి గొంతులో అరుస్తున్నాయి, అతను ఎప్పటిలాగే వాళ్ళ మాటలు అయ్యేదాకా ఆగుతున్నాడు. డోర్కస్ తోలును అలవాటైన పక్క వదిలేసి, రెండో పక్కకు తిప్పి కట్టింది. తెలిసే కట్టింది. ముసలిదానికి చూపానక పొరపాటు చేసిందని తర్వాత కొందరన్నారు గానీ, అదంతా ఒట్టి వాగుడు.

శనివారం మంచు ఇంకా చిక్కబడింది. చర్చి ముందు ఊరంతా నల్ల బట్టల్లో నిలబడింది. తాళ్ళ గదిలో ఆరుగురూ తాళ్ళు పట్టుకున్నారు. పోస్టు పంచే ఎనిడ్ చిన్న గంట దగ్గర, హ్యూబర్ట్ పెద్ద గంట దగ్గర. డోర్కస్ కిటికీ కింద పాత బల్ల మీద కూర్చుంది.

"చూసుకోండి," అంది ఎనిడ్, తన తాడు పట్టి వరస మొదలుపెడుతూ. "కదులుతోంది... వెళ్ళింది!"

మొదటి వరస. ఐదు గంటలు ఖంగు ఖంగుమని దిగాయి, ఆరోది దుప్పటి కప్పుకున్నట్టు మెత్తగా మూలిగింది. హ్యూబర్ట్ కనుబొమలు ముడిపడ్డాయి. రెండో వరస. ఐదు గంటలూ నిట్టూర్చాయి, ఒకటి తర్వాత ఒకటి, ఎక్కడో కొండ అవతల. ఆ నిశ్శబ్దం మీద పెద్ద గంట ఒక్కటే నోరు విప్పి మోగింది. దాని రొద మంచులోకి పాకి, వెళ్ళి వెళ్ళి, ఆగకుండానే కలిసిపోయింది.

ఎనిడ్ నోరు తెరిచింది. మిగతావాళ్ళు హ్యూబర్ట్ వైపు చూశారు. తోలు తప్పు పక్కన కట్టారని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. ఒక్క మాట, "ఆపండి" అంటే చాలు, గంటలు నిలిచిపోతాయి, పైకెక్కి సరిచేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. హ్యూబర్ట్ పెదవులు కదిలాయి కూడా. అప్పుడు అతని కళ్ళు డోర్కస్ మీద పడ్డాయి. ఆమె తల దించుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, రూబెన్ గంట కొట్టేటప్పుడు ఎలా చూసేదో అలాగే, తాడు వైపు చూస్తోంది.

తాడు అతని చేతుల్లోకి దిగింది. అందరూ మాట్లాడుతున్నప్పుడు ఊరుకోవడం, అందరూ ఊరుకున్నాక ఒక్క మాట అనడం. అలాంటి మనిషిని హ్యూబర్ట్‌ తన జీవితంలో ఒక్కణ్ణే చూశాడు, రూబెన్‌ని. పబ్బులో బల్ల గుద్దింది తనే. మంచం పక్కన తలూపిందీ తనే. అతను నోరు మూసుకుని, తాడుతో చెయ్యి కలిపి, లాగాడు. ఆ తర్వాత తొందరపడలేదు. కన్నీళ్ళు మీసాల్లోంచి గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గోపురం ఊగుతున్నంతసేపూ ఎవరూ ఎవరినీ చూడలేదు. ఒక వరసలో అందరి దుఃఖం, మరో వరసలో ఒక్కడి గొంతు.

అయిపోయాక కిందికి దిగేసరికి పాదిరిగారు మెట్ల దగ్గరికి పరుగున వచ్చారు. ఆయన మా ఊరికి కొత్త. కళ్ళు తడిగా ఉన్నాయి.

"అద్భుతం మిస్టర్ స్నూక్! అన్నీ నిశ్శబ్దమైపోతే ఆ ఒక్క గంట! నాకైతే యుద్ధంలో రేడియోలో విన్న ఆయన గొంతే వినపడినట్టయింది. ఎవరిది ఈ ఆలోచన?"

జనమంతా వింటున్నారు. హ్యూబర్ట్ టోపీ తీశాడు.

"ఆలోచన డోర్కస్‌ది పాదిరిగారూ. గొంతు మాత్రం ఆయనది కాదు."

"మరెవరిది?"

"రూబెన్ మేడ్‌మెంట్‌ది. జీనులు కుట్టేవాడు. మా పెద్ద గంట కొట్టేవాడు. ఫ్రాన్స్‌లో విషవాయువు పీల్చి, ఆ ఊపిరితోనే అన్నేళ్ళు బతికి, గంటలు కొట్టకూడని రోజుల్లో పోయాడు. కొడతానని మాటిచ్చి నేను కొట్టలేదు. ఇవాళ కొట్టాను."

 వెనక వరసలో ఒక ముసలాయన, అప్పటికే పెద్దాయన కోసం తీసి మళ్ళీ పెట్టుకున్న టోపీని, ఇంకోసారి తీశాడు. అతన్ని చూసి పక్కవాడు తీశాడు. అలా చర్చి గేటు దాకా.

డోర్కస్ అవేవీ చూడలేదు. ఆమె అప్పటికే నిచ్చెన ఎక్కేసింది. పెద్ద గంట ఇంకా సన్నగా వణుకుతోంది. అరచేయి పెడితే తెలుస్తోంది. ఆమె పట్టీలు విప్పకుండా కాసేపు అలాగే రెండు చేతులూ దాని మీద ఉంచింది.

"కొట్టించాను రూబెన్," అంది. "ఆలస్యమైంది. ఏమనుకోకు."